సండూరు దారిలో తోలు ముక్కల వేట

బళ్ళారి సత్యనారాయణపేటలో మా చర్చి వెనక గదిలో ఆడవాళ్లకు పర్సులు, సంచులు కుట్టడం నేర్పిస్తానని ఒప్పుకొని, నేను మొదట చేసిన పని బెంగళూరు నుంచి మంచి తోలు తెప్పించడం. అదే కొంప ముంచింది. అంత ఖరీదైన సరుకు మీద కత్తెర పెట్టడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. "పాడైపోతే ఎట్లక్కా?" అంటూ చూస్తూ కూర్చున్నారు. రెండో వారానికి సగం మంది రావడం మానేశారు. పాడైనా బాధ లేని చవక సరుకు దొరక్కపోతే గదికి తాళం వేసుకోవాల్సిందే.

"సండూరు దావలో లారీల సీట్లు కుట్టే షెడ్లు ఎన్ని ఉండాయి! ముక్కలు కుప్పలుగా పడుంటాయి. పోదాం పా," అంది మా వదిన ఎస్తేరమ్మ. మా ఆయన అక్క ఆమె, గాంధీనగర్‌లో ఉంటుంది. క్లాసుకు ఒక్కరోజూ మానలేదు గానీ, ఒక్కరోజూ సూది పట్టలేదు.

శనివారం పొద్దున ఏడు గంటల బస్సెక్కాం. ఖాళీ గోనెసంచులు మడిచి ఒళ్లో పెట్టుకున్నాం. ఇనుప గనులు మంచి జోరు మీద ఉన్న రోజులవి. తోరణగల్లు దాటగానే ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మా బస్సు ఆగిపోయింది. ఖనిజం దుమ్ముకు రోడ్డు పక్క తుమ్మచెట్ల ఆకులు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"ఈ రోడ్డు మనుషులది కాదమ్మా, లారీలది," అన్నాడు పక్క సీటాయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటూ.

నేను గడియారం చూసుకుంటూ ఉంటే వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. రోడ్డు వారగా షెడ్లు. వాటి ముందు ఎరుపు, పచ్చ, నీలం సీటు కవర్లు వేలాడుతున్నాయి.

"సుగుణా, దిగు!"

"బస్సు పోతే నాకు సంబంధం లేదు," అన్నాడు కండక్టరు.

"యాడికి పోతాదప్పా, ముందర ఇన్ని లారీలు పెట్టుకొని!" అంటూ వదిన అప్పటికే మెట్లు దిగింది.

మొదటి షెడ్డులో బాషా భాయ్ లారీ సీటుకు రెక్సిన్ బిగిస్తున్నాడు. మిషను కింద మోకాటి ఎత్తు కుప్ప. ముక్కలు అమ్ముతావా అంటే నవ్వాడు. "ఇవా? చెత్తలో వేసేటివి కదక్కా!" టీకి ఇచ్చినంత ఇచ్చి ఒక సంచి నింపుకున్నాం. సరుకు మాత్రం ఆయనే ఏరి చూపించాడు. "వెనకాల గుడ్డ ఉండేదే తీసుకో. గుడ్డ లేంది కుట్టు కాడ్నే చినుగుతాది." చినిగిన టార్పాలిన్ పట్ట కూడా ఇచ్చాడు. కడిగితే సంచులకు అంతకంటే గట్టి గుడ్డ లేదు. టైరు ట్యూబు ముక్కలు మాత్రం వదిలేశాం. గుచ్చబోతే సూదిని పట్టేసుకుంటున్నాయి, కొత్త చేతులకు కష్టం.

పరుగున వచ్చేసరికి బస్సు ఉన్నచోటే ఉంది. నాకు నవ్వాగలేదు.

సండూరులో దిగేసరికి పదకొండున్నర. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, అసలైన తోలు కోసం చెప్పులు కుట్టే హనుమంతప్ప దుకాణం వెతుక్కుంటూ పోతే, తలుపుకు తాళం. "యశ్వంతనగర్‌కు ఇల్లు మార్చినాడు. లారీల తూకం కాడ పనికి పోతాండాడు," అన్నారు పక్క దుకాణంవాళ్లు. అక్కడి నుంచి టెంపో పట్టుకున్నాం.

మేము పోయేసరికి హనుమంతప్ప అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు. వచ్చిన పని చెప్పాను.

"ముక్కలు ఉండాయమ్మా. అమ్మను."

"ఎందుకన్నా? మీరు పని మానేశారంట కదా!"

"ఈడ జీతం చానా బాగుండాది. కానీ ఈ లారీలు ఎన్ని దినాలు తిరుగుతాయో యారిగె గొత్తు, ఎవురికి తెలుసు? ఉండే తోలు అమ్ముకుంటే, రేపు మళ్లా నా పనికి నేను పోయేదెట్ల?"

సంచి ఎత్తుకొని లేవబోయాను. అరుగు మీద కూర్చున్న వదిన మాత్రం లేవలేదు. మూలనున్న మూటలోంచి ఒక చిన్న ముక్క, పక్కనే ఉన్న, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె తీసుకుంది. "ఒక్కసారి గుచ్చి చూస్తానప్పా," అని గట్టిగా పొడిచింది. రంధ్రం వంకరపోయింది.

"అయ్యో, అట్ల కాదమ్మా!" హనుమంతప్ప కంచం పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కొని వచ్చాడు. ముక్క కింద కట్టె పెట్టి, ఆరె నిలువుగా ఎట్లా పట్టాలో చూపించాడు. వదిన నాలుగు కుట్లు వేసింది. రెండు వంకర, రెండు తిన్నగా.

"పాడు చేసినాను," అంది సిగ్గుగా.

"చేస్తే ఏమాయె? ఇంగొకటి తీసుకో!"

ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది. తర్వాత ఆయనే మూట బోర్లించాడు. చెప్పుకు సరిపోయే పెద్ద ముక్కలన్నీ ఒకపక్క పేర్చుకున్నాడు. "ఇవి నావి, అడగొద్దు. చిన్నవి తీసుకోండి." ఏరుకొనేటప్పుడు మడిచి చూడమన్నాడు. మడత దగ్గర పగుళ్లు పడితే ఎండిపోయిన తోలు, వద్దు. బిరుసుగా ఉన్నా పగలకపోతే కొంచెం నూనె రుద్దితే చాలు. ధర కూడా మేము అనుకున్నదానికంటే తక్కువే చెప్పాడు. ఒక ఆరె వదినకు ఊరికే ఇచ్చాడు.

సాయంత్రం నాలుగున్నరకు బళ్ళారి బస్సు దొరికింది. మా తలలు, చీరలు, సంచులు అన్నీ ఒకే రంగు. గనుల మెస్సులో వంట చేసే ఒకామె మా సంచిలోకి తొంగి చూసి, "ఏందక్కా ఇవి?" అంది. వదిన ఎర్ర రెక్సిన్ ముక్క తీసి, మడిచి, పర్సు ఎట్లా అవుతుందో చూపించింది. వెనక సీటు వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకామె నీలం ముక్క అడిగి మరీ తీసుకుంది. కుదుపులకు పడిపోతూనే వదిన అందరికీ మా చర్చి గుర్తులు చెబుతోంది.

ఉన్నవాళ్లను నిలుపుకుంటే చాలనుకొని పొద్దున బయల్దేరాను. బళ్ళారి దీపాలు కనిపించేసరికి మా క్లాసులో ముగ్గురు కొత్తవాళ్లు చేరిపోయారు.