విమానంలో దస్తీ వేసిన రోజు

మొన్న మా మనవరాలు ఫోన్లో విమానం టికెట్ తీసుకుంటూ, "అమ్మమ్మా, కిటికీ సీటు కావాల్నంటే వేరే పైసలు కట్టాల్నట" అంది. నాకు నవ్వు ఆగలేదు. "నేనైతే దస్తీ ఏసి సంపాయించిన బిడ్డా" అన్నాను. అది నమ్మలేదు. నా చేత మొత్తం చెప్పించుకుని కడుపుబ్బ నవ్వి, "గిది రాయి అమ్మమ్మా, వానల మొదటిసారి ఇమానం ఎక్కేటోళ్లకు పనికొస్తది" అని ఫోన్లో తెలుగు అక్షరాలు కొట్టడం నేర్పింది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులు అది దిద్దింది, మాటలు మాత్రం నావే.

ముందు దస్తీ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో జగిత్యాల బస్టాండులోకి బస్సు మలుపు తిరుగుతుండగానే జనం వెంటబడి ఉరికేవాళ్లు. తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు. తెలివిగలవాళ్లు తలుపు జోలికి పోకుండా బయటి నుంచే కిటికీలోంచి చేతిరుమాలు సీటు మీదికి విసిరేవాళ్లు. దస్తీ పడితే ఆ సీటు వాళ్లదే. తర్వాత ఎక్కినవాడు పహిల్వాన్ అయినా సరే, దస్తీని చూసి "ఎవరన్న ఉన్నరా ఇక్కడ?" అని అడిగి, ఉన్నారంటే నిలబడాల్సిందే. మా కొడుకు శ్రీను ఈ పనిలో ఆరితేరాడు. జగిత్యాల కాలేజీలో చదివే రోజుల్లో, నేను ఎప్పుడు ఆ ఊరు పోయినా నన్ను కోరుట్ల బస్సు ఎక్కించడానికి వచ్చేవాడు. బస్సులో నాకు కడుపులో తిప్పుతుంది కాబట్టి కిటికీ పక్కనే కావాలి. వాడు గళ్ల దస్తీని ముడివేసి, పది మంది తలల మీదుగా విసిరితే సరిగ్గా పోయి కిటికీ సీటు మీద పడేది. "నువ్వు నిమ్మలంగ ఎక్కే అవ్వా, నీ జాగ ఏడికి పోదు" అనేవాడు. మా వైపు తల్లిని అవ్వా అనే పిలుస్తారు.

ఆ కాలంలో మా వైపు పిల్లలు రెండు దారుల్లో పోయేవాళ్లు, బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకో, అడవిలో నక్సలైట్ అన్నల దగ్గరికో. మా బిడ్డ సుజాత పెళ్లి చేసుకుని భీవండి పోయింది. శ్రీను రెండో దారి పట్టాడు. ఒకరోజు పేపర్లో ఎన్‌కౌంటర్ వార్తలో వాడి పేరు వచ్చింది. మేము ఉరుకులాడి పోయేసరికి అంతా అయిపోయింది, ముఖం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. వాడి వస్తువుల్లో నాకు దక్కింది ఇంట్లో విడిచిపోయిన ఆ గళ్ల దస్తీ ఒక్కటే. అప్పటి నుంచి అది నా నడుము దగ్గరే ఉండేది. మా ఆయన గడప దాటడం మానేశాడు. నేను బీడీలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో, మా వాడకట్టులోని ఫోన్ బూత్‌కి అల్లుడు ఫోన్ చేశాడు. సుజాత కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలంటున్నారు, రేపు సాయంత్రం దాటనివ్వం అంటున్నారు. ఆమె మాత్రం మొండికేసింది. "మా అవ్వ అచ్చినంకనే లోపలికి పోత, లేకుంటె పోను" అందట. తమ్ముడు పోయినప్పటి నుంచి దానికి తలుపులు మూసే చోట్లంటే భయం. నేను అప్పుడే చెంగు దోపుకున్నాను. ఒకరి దగ్గరికి ఆలస్యంగా పోయాను, రెండోసారి అలా కావద్దు.

కానీ ఆ పూటే అన్నలు బంద్ పిలిచారు. కోరుట్ల నుంచి బొంబాయి పోయే బస్సు కదలనంది. సిరిసిల్లలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపించే మా తమ్ముడు రాజేశానికి ఫోన్ చేస్తే, "అక్కా, నువ్వు ఎట్లనన్న సిరిసిల్ల దన్క రా. ఇమానం టికెట్ నేను తీపిస్త" అన్నాడు. దానికి ఎంతయిందో ఈనాటికీ చెప్పడు. అడిగితే దసరా మేక ఖర్చులో రాసుకున్నానంటాడు.

బంద్ రోజు రోడ్డు మీద తిరిగేది పాల వ్యాన్ ఒక్కటే. దాని డ్రైవర్ సాయిలు తెల్లవారకముందే నన్ను పాల డబ్బాల మధ్యన కూర్చోబెట్టాడు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా సిరిసిల్ల. మామూలుగా అయితే రెండు గంటల దారి. బయలుదేరేటప్పుడే వాడు నాకు పని అప్పజెప్పాడు.

"అక్కా, అన్నలు ఆపితే నువ్వే మాట్లాడు. పోలీసోళ్లు ఆపితె గూడ నువ్వే మాట్లాడు."

"మరి నువ్వేం జేస్తవ్‌రా?"

"నేను వణుకుత."

రుద్రంగి దాటగానే రోడ్డుకు అడ్డంగా చెట్టు నరికి పడేసి ఉంది. పక్కన నిలబడ్డ ఇద్దరు "ఎవరు మీరు, ఏడికి?" అన్నారు. "శ్రీను తల్లిని" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చెట్టును పక్కకు లాగారు. సిరిసిల్ల దగ్గరికి వస్తుంటే పోలీసులు ఆపారు. "ఎవరమ్మా నువ్వు?" "సుజాత తల్లిని సార్, బిడ్డ కాన్పుకు పోతున్న" అన్నాను. పోనిచ్చారు. చెప్పిన రెండు మాటలూ నిజమే. సిరిసిల్లలో నన్ను దించుతూ సాయిలు అన్నాడు.

"మంచిగయింది అక్కా, ఇద్దర్ని కన్నవ్."

సిరిసిల్ల నుంచి తమ్ముడు స్కూటర్ మీద సిద్దిపేట దించాడు. అక్కడి నుంచి బస్సులు నడుస్తున్నాయి. మధ్యాహ్నానికి జూబ్లీ బస్టాండు, అక్కడి నుంచి ఆటోలో బేగంపేట. విమానం మూడు గంటలకు. ఆకాశం అప్పటికే బీడీ కాల్చి ఊదినట్టు మబ్బు పట్టింది.

లోపల సంచి విప్పమన్నారు. అందులో బాలింతకు పెట్టడానికి శొంఠి, మిరియాలు, బెల్లం దంచి చేసిన కాయం ముద్దలు ఉన్నాయి. నల్లగా, గుండ్రంగా, ఒక్కోటి నిమ్మకాయంత. పోలీసాయన ఒకటి వేళ్లతో పట్టుకుని దూరంగా చూశాడు.

"ఏ ఊరు నీది?"

"కోరుట్ల."

ఆ మాట వినగానే ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ రోజుల్లో మా ఊరి పేరు చెబితే అన్నలు, బాంబులే గుర్తొచ్చేవి. నేను ఒక ముద్ద నోట్లో వేసుకుని నమిలి చూపించాను. వాళ్లకు నమ్మకం కుదరలేదు. చివరికి ఒక ఆడ పోలీసు వచ్చి వాసన చూసి, "సార్, ఇది కాయం! నా కాన్పుకు మా అమ్మ గూడ గిట్లనే చేసింది" అని తనూ ఒకటి తిన్నది. పెద్ద పోలీసాయన కూడా చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకున్నాడు. మిరియాల ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పో అమ్మా, పో" అన్నాడు.

అప్పట్లో విమానం దాకా నడిచిపోవాలి. చినుకులు మొదలయ్యాయి. తలుపు తెరిచేసరికి నా కాళ్లు ఆగలేదు. జగిత్యాల బస్టాండులో నేర్చుకున్న ఉరుకుడు. కొంగు నెత్తిన కప్పుకుని అందరికన్నా ముందు చేరాను. నిచ్చెన వదిలేసి విమానం పక్కకు పోయి, దస్తీ చేతిలో పట్టుకుని పైకి చూశాను. కిటికీలు చాలా ఎత్తులో ఉన్నాయి, అన్నీ మూసి ఉన్నాయి. గొడుగు పట్టుకున్న ఒకాయన పరిగెత్తుకు వచ్చాడు.

"అమ్మా, ఏం జేస్తున్నరు?"

"ఈ కిటికీ ఎట్ల తెరుస్తరు బిడ్డా? దస్తీ ఏద్దామని."

ఆయన నవ్వుతూ నన్ను నిచ్చెన దాకా తీసుకువచ్చాడు. లోపల నా కాగితం మీది అంకె చూసి వరుస కనిపెట్టాను. అంకె పక్కన ఏదో ఇంగ్లీషు అక్షరం ఉంది, అది నాకు సంబంధం లేదనుకున్నాను. కిటికీ సీటు మీద దస్తీ పరిచి, సంచి పైన పెట్టడానికి అవస్థ పడుతున్నాను. అంతలో కోటు, టై వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. తన కాగితం చూసుకున్నాడు, సీటు చూశాడు. దస్తీని చూసి ఆగిపోయాడు.

"ఎవరన్న ఉన్నరా అమ్మా ఇక్కడ?"

"ఉన్నరు. నేనే."

"అయితె సరే" అని పక్క సీటులో కూర్చున్నాడు. కూర్చున్నాక ఆయనకే నవ్వొచ్చింది. "నంబరు నాది, అయినా దస్తీ చూసి ఆగిన" అన్నాడు. "మీదెక్కడ?"

"కోరుట్ల."

"మాది కథలాపూర్ దగ్గర" అన్నాడు. ఊరి పేరు చెప్పగానే ఆయన ఎవరో నాకు తెలిసిపోయింది. ఆ ఊరి గడిలో ఉండే భూస్వామి, దొర. నా చిన్నప్పుడు వాళ్ల జీపు వస్తే మేము రోడ్డు దిగి నిలబడేవాళ్లం. తర్వాత అన్నలు వచ్చాక వాళ్లే ఊరు విడిచి హైదరాబాదు చేరారు. ఇప్పుడేమో ఆయన సీటులో నేను కూర్చున్నాను. లేవబోయాను.

"కూసో అమ్మా, దస్తీ ఏసినంక గంతే. ఎవరిది, నీదేనా?"

"మా కొడుకుది దొరా."

"కొడుకు ఏం జేస్తడు?"

"అడవికి పోయిండు. పోయినేడు పాణం పోయింది."

ఆయన టై సర్దుకున్నాడు, బెల్టు సర్దుకున్నాడు. నేనే "మీరు ఊరిడిసినప్పుడు మావోడు ఇంక బడికే పోతుండె దొరా. మిమ్ముల ఎల్లగొట్టింది మావోడు గాదు" అన్నాను. ఆయన నా వైపు చూసి, నవ్వాలా వద్దా తెలియక, "మంచిది" అన్నాడు.

బయట వాన గట్టిగా అందుకుంది. విమానం కదలదు. పైనుంచి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. "గాలి ఎక్కువున్నదట, తగ్గినంక పోతరట" అన్నాడు దొర.

"గాలికి ఆగితె ఎట్ల? మా బిడ్డకు ఆపరేషన్ ఉన్నది. నేను పోకుంటె లోపలికి పోదు. జెర డ్రైవర్‌కు చెప్పుండ్రి."

"డ్రైవర్‌కు నేను చెప్తె వినడమ్మా. నా మాట మా ఊర్లనే వినకపోయిరి."

అరగంట గడిచింది. నాకు బిడ్డ ముఖం, మూసిన తలుపు కనిపిస్తున్నాయి. అప్పుడు విమానం ఒక్కసారి గర్జించి ఉరికింది. బస్సు అంత జోరుగా పోతే కండక్టర్ ఎప్పుడో డ్రైవర్‌ను తిట్టేవాడు. కిటికీ అద్దం మీద వాన చుక్కలు కిందికి జారడం మానేసి వెనక్కి పరిగెత్తాయి. నేల వంకరగా పడిపోయింది. మబ్బులోకి దూరాం. తెలుపూ కాదు, నలుపూ కాదు, బియ్యం కడిగిన నీళ్లలో మునిగినట్టు. రెక్క కనిపించింది. అది పైకీ కిందికీ ఊగుతోంది.

"దొరా, రెక్క ఊడుతంది!"

"ఊడదమ్మా, అది గట్లనే ఊగాలె."

"మీరు కండ్లు మూసుకోని చెప్తున్నరు."

"నేను సూస్తె ఊడుతదేమోనని."

ఒక్క కుదుపుకు విమానం కిందికి జారింది. కిటికీ పక్కనే మెరుపు, పెట్రోమాక్స్ లైటు ముఖం మీద పెట్టినట్టు. వెనక ఎవరో కొండగట్టు అంజన్నకు మొక్కుతున్నారు, ఇంకెవరో అల్లాను పిలుస్తున్నారు. దొర నా దస్తీ కొస పట్టుకున్నాడు. రెండో కొస నా పిడికిట్లో ఉంది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. శ్రీను ముందే పోయాడు. వాడి అలవాటు వాడు ఎక్కడా మానడు. పైన ఎక్కడో నాకోసం కిటికీ సీటు మీద దస్తీ వేసి కూర్చుని ఉంటాడు. గట్టిగానే అన్నాను.

"ఒరే శ్రీనుగా, దస్తీ తియ్యిరా! ఆ జాగ ఇంకెవలకన్న ఇయ్యి. నేను ఇప్పుడే రాను. మీ అక్క నాకోసం సూస్తంది."

దొర కళ్లు తెరవకుండానే అన్నాడు, "నాకు గూడ ఆపొద్దని చెప్పమ్మా."

"మీకైతె వాడు అసలే ఆపడు దొరా."

ఆయనకు నవ్వు వచ్చింది. అంత కుదుపులో, కళ్లు మూసుకునే, భుజాలు అదిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను. శ్రీను పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను కూడా. దొర చూడనట్టే ఉన్నాడు. అంతలో కిటికీ నిండా ఎండ వచ్చింది. మబ్బంతా కాళ్ల కిందికి పోయి, ఏకిన పత్తిలా ఆరబోసి ఉంది. కింద అంత గోల జరుగుతుంటే పైన ఇంత నిమ్మళంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

బొంబాయిలో దిగాక దొర దస్తీని మడిచి, రెండు చేతులతో నాకిచ్చాడు. టాక్సీవాడికి హిందీలో దారి చెప్పి, తలుపు ఆయనే వేశాడు. భీవండి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఆసుపత్రి వార్డు మన బస్టాండు కన్నా అధ్వాన్నం. మంచానికి నలుగురు, కూర్చోవడానికి సందు లేదు. సుజాత మంచం అంచున మాత్రం కొంచెం చోటు ఖాళీగా ఉంది. దాని మీద ఒక దస్తీ పరిచి ఉంది.

"పొద్దుగాల్ల నుంచి ఎవ్వల్ని కూసోనియ్యలే అవ్వా, నీకే ఆపిన" అంది మా బిడ్డ.

నేను కూర్చున్నాను. అప్పుడు లోపలికి పోయింది. ఆ రాత్రి పుట్టిందే, నాకు ఇప్పుడు ఫోన్ నేర్పిన ఈ మనవరాలు.

తర్వాత ఇంకో రెండుసార్లు విమానం ఎక్కాను. రెండుసార్లూ ఆకాశం శుభ్రంగా ఉంది, ఏమీ గుర్తులేదు. గుర్తున్నది ఆ వానే. నాకోసం పైన ఒక సీటు ఆపి ఉందని అనుకుంటే ఇప్పుడు భయం లేదు. వాడు నిమ్మళంగా కాచుకుంటాడు, తొందరేం లేదు. కింద నాకోసం జాగ ఆపేవాళ్లు ఉన్నన్నాళ్లు నేను ఇక్కడే కూర్చుంటాను. మొదటిసారి వానలో పోయేవాళ్లకు ఒక్కటే చెప్తాను. టికెట్ మీద అంకెతో పాటు పక్కనున్న అక్షరం కూడా చూసుకోండి, కిటికీ ఎవరిదో అదే చెబుతుంది. అయినా చేతిలో ఒక దస్తీ ఉంచుకోండి. గాలి మొదలైతే ఒక కొస పక్కవాళ్లకు ఇవ్వండి. ఎవరు, ఏ ఊరు అనేది మబ్బు దాటాక అడగవచ్చు.