గుండెలో చిల్లు, కడుపులో ప్రసాదం

ఆ రోజు మా కొట్లో పెళ్లి చీరల బేరం నడుస్తోంది. సామర్లకోటలో మాది బట్టల కొట్టు. కొనేవాళ్లు లేచి వెళ్లిపోకుండా నేను కబుర్లు చెబుతుంటాను. మా మేనమామ వరదలో గేదె తోక పట్టుకుని పోలవరం నుంచి ధవళేశ్వరం దాకా కొట్టుకొచ్చిన కథ అందులో ఒకటి. నిజానికి ఆయన ఏనాడూ మోకాలి లోతు మించి ఏట్లో దిగలేదు. నిచ్చెన ఎక్కి పై అరలోంచి చీర తీస్తూ ఆ కథే చెబుతున్నాను. మామయ్య మునిగిపోయే చోటికి వచ్చేసరికి నాకు ఊపిరి అందలేదు. గుండె దడదడలాడింది. అర పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం గింజుకుంటుంటే కింద పెళ్లివారు విరగబడి నవ్వారు.

"అచ్చం మునిగిపోతున్నట్టే చేశారండీ వెంకటరత్నం గారూ" అంది ఒకావిడ.

నటించడం లేదని చెప్పడానికి కూడా ఊపిరి లేదు. చచ్చిపోతానేమో అన్న భయం నాకు మొదటిసారి వేసింది ఆ నవ్వుల మధ్యే.

కాసేపు కూర్చుంటే తేరుకున్నాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. ఆలోచిస్తే ఏడాదిగా తేడాగానే ఉంది. కోరుకొండ గుడి మెట్ల మీద మూడుచోట్ల ఆగి, ప్రతిసారీ పొలాలు చూస్తున్నట్టు నిలబడ్డాను. చలికాలమంతా దగ్గే. మా ఆవిడ లక్ష్మికి చెబితే, "ఇది ఏ కథలోదండీ?" అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. మర్నాడు రాజమండ్రి తీసుకెళ్లింది.

గుండె డాక్టరు గారు చిన్న వయసావిడ. స్టెతస్కోపుతో చాలాసేపు విని, "చిన్నప్పుడు ఎవరైనా మర్మర్, అంటే గుండెలో అదనపు చప్పుడు, ఉందన్నారా?" అని అడిగారు. లేదన్నాను. ఈసీజీ, ఎక్స్‌రే, ఆ తర్వాత ఎకో, అంటే గుండెకి స్కానింగ్. అంతవరకూ నాతో కబుర్లాడుతూ ఎకో తీస్తున్నావిడ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది.

డాక్టరు గారు కాగితం మీద నాలుగు గదులు గీశారు. "పై రెండింటి మధ్య గోడ ఇంటర్‌ఏట్రియల్ సెప్టమ్. కింది గదుల గోడకి చిల్లుంటే వీఎస్‌డీ అంటాం. మీది పై గోడకి. ఏఎస్‌డీ, ఆస్టియమ్ సెకండమ్ రకం. ఇరవై రెండు మిల్లీమీటర్లు."

"ఎప్పుడు పడిందండీ?"

"పడలేదండి. అక్కడ గోడే పూర్తిగా ఏర్పడలేదు. కంజెనిటల్. పుట్టుకతోనే ఉంది."

తల్లి కడుపులో అందరికీ ఆ గోడలో ఫొరామెన్ ఒవాలే అని ఒక దారి ఉంటుందట. పుట్టాక చాలామందికి మూసుకుపోతుందట. నాది అది కాదు, గోడలో ముక్కే లేదు. ఎడమవైపు రక్తం కుడివైపుకు కారీ కారీ కుడి గదులు సాగిపోయాయి. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతోంది. "బాగా ఆలస్యమైతే మూయడానికి వీలుండదు" అన్నారావిడ.

చిల్లు చుట్టూ ఉండే అంచుని రిమ్ అంటారు. అది సరిపడా ఉంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి డివైస్ అనే చిన్న బిళ్ల పంపి మూస్తారు, లేకపోతే ఛాతీ తెరవాలి. అది తేలాలంటే టీఈఈ చెయ్యాలి, అంటే గొంతులోంచి గొట్టం దించి చూడటం. ఎనిమిది గంటలు ఏమీ తినకూడదని నర్సు రాసిచ్చింది.

ఆ పొద్దున్న బయల్దేరుతుంటే మా అమ్మ అన్నవరం ప్రసాదం పొట్లం చేతిలో పెట్టింది. తినకూడదన్నాను.

"ప్రసాదం తిండేంట్రా? స్వామి ప్రసాదం కాదంటావా, ఇలాంటి రోజున?"

మా ఇంట్లో ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ప్రసాదం తిన్నా ఒక్కపొద్దు చెడినట్టు కాదు. పైగా నేను హడలిపోయి ఉన్నాను. నెయ్యి ఓడుతున్న ఆ గోధుమనూక ప్రసాదం కారులోనే మొత్తం తినేశాను. లక్ష్మి కూడా వద్దనకుండా, పొట్లం కళ్లకద్దుకుని చూస్తూ కూర్చుంది.

ఏమైనా తిన్నారా అని మత్తు డాక్టరు గారు రెండుసార్లు అడిగారు. "ఏమీ తినలేదండి" అన్నాను. నా జన్మలో చెప్పిన అబద్ధాల్లో, అబద్ధమని నాకు తెలియకుండా చెప్పింది అదొక్కటే.

గొట్టం దించగానే మత్తులో వాంతి అయి, కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందట. దాన్ని యాస్పిరేషన్ అన్నారు. కళ్లు తెరిచేసరికి ఐసీయూలో ఉన్నాను, మొహానికి మాస్కు బిగించి ఉంది. నాలుగు రోజులు ప్రతి ఊపిరీ తడిగుడ్డలోంచి లాగినట్టు ఉండేది. పక్క మంచానికి తెర లాగితే, ఎందుకు లాగారో అని వణికేవాణ్ణి. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదోనని నిద్ర ఆపుకునేవాణ్ణి.

మత్తు డాక్టరు గారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. "లోపల్నుంచి గోధుమనూక తీశామండి. ఏమీ తినలేదన్నారు?"

"అది ప్రసాదమండి" అన్నాను మాస్కులోంచే.

ఆయన కోప్పడలేదు. "నేనూ ఈ పక్కవాణ్ణే. నేను అడగాల్సిన తీరు అది కాదు" అన్నారు.

అమ్మను లోపలికి పంపినప్పుడు నా మొహం చూడలేక కాళ్ల దగ్గరే నిలబడింది. "నా చేత్తో నేనే పెట్టాన్రా" అంది. నువ్వు పెట్టావు, తిన్నది నేను అని చెప్పాను. ఆవిడకి వినపడిందో లేదో.

ఆరు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి మత్తు డాక్టరు గారు, "ప్రసాదం, తీర్థం, టీ చుక్క, వక్కపలుకు, ఏదైనా నోట్లో పడిందా?" అని అడిగారు. లేదని లక్ష్మి నాకంటే ముందే చెప్పింది. రిమ్ సరిపోయింది. డివైస్ పెట్టేశారు. "కొద్దిగా రెసిడ్యువల్ లీక్ ఉంది, అంచు పక్కనుంచి ఇంకా కాస్త రక్తం అటు పోతోంది, మూసుకుంటుంది" అన్నారు డాక్టరు గారు. ఆ లీక్ అన్న మాటతోనే మూడు నెలలు సరిగ్గా నిద్రపోలేదు. తర్వాతి ఎకోలో అది లేదు. పుట్టుకతో వచ్చేది కాబట్టి మా అమ్మాయికీ ఎకో తీయించమన్నారు. ఆ గది బయట కూర్చున్న అరగంట మాత్రం నా ఐసీయూ కంటే పెద్దది. దానికి ఏమీ లేదు.

ఇప్పటికి రెండేళ్లయింది. పని చేసుకుంటున్నాను, ఏడాదికోసారి ఎకోకి వెళ్తున్నాను. దడ వస్తే ఇప్పటికీ చెమటలు పడతాయి.

మీలో ఎవరికైనా మత్తిచ్చే పరీక్ష ఉంటే ఒక్క మాట. తిన్నారా అని అడిగితే, తిండి అని మీరు దేన్ని అనుకుంటారో ఆలోచించకండి. లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం పడ్డాయో అన్నీ చెప్పండి. పరీక్ష వాయిదా పడితే పడనివ్వండి.

మా వీధిలో ఎవరు ఆపరేషన్‌కి బయల్దేరినా అమ్మ గుమ్మంలోకి వచ్చి, "నోట్లో ఏమీ వేసుకోకండమ్మా" అంటుంది. ప్రసాదం పొట్లం మాత్రం వాళ్ల పేరన విడిగా తీసి పెడుతుంది, తిరిగొచ్చాక ఇవ్వడానికి.