నాన్నగారి గళ్ళు, మామ్మ నవ్వు

మా చిన్నప్పుడు ఎవరైనా పోతే ఓ పక్క ఏడుపులు సాగుతుండగానే ఇంకో పక్క ఫోటో కోసం వెతుకులాట మొదలయ్యేది... మా మామ్మ పోయినప్పుడు ట్రంకుపెట్టె బోర్లించినా ఒక్కటే దొరికింది. రేషన్ కార్డు కోసం ఏలూరులో తీయించుకున్న గోరంత ఫోటో. కదలొద్దన్నారని ఊపిరి బిగబట్టి కూర్చుందేమో, ఫోటో తీసేవాణ్ణి కొట్టేలా ఉంది.

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో డ్రాయింగ్ మేస్టారు. చర్చివాళ్ళతో జరిపే జ్ఞాపకార్థ కూడిక నాటికి ఆ ఫోటో చూసి పెద్ద బొమ్మ గీస్తానన్నారు. సంతోషమే... కానీ ఆయన పద్ధతి ఉంది చూశారూ!

ఫోటో మీద గాజు పలక పెట్టేవారు. దాని మీద సన్నటి గళ్ళు. డ్రాయింగ్ షీటు మీద అవే గళ్ళు పెద్దవిగా. ప్రతి గడికీ నంబరు. చిన్న గడిలో గీత ఎక్కడ తగిలితే పెద్ద గడిలోనూ అక్కడే తగలాలి. అంతటితో ఆగితే ఆయన మా నాన్నగారు ఎందుకవుతారు? ఫోటోని తలకిందులుగా పెట్టించారు! పదేళ్ళ దాన్ని... మూతి ఉన్న గళ్ళు నాకు అప్పగించారు.

"మామ్మని చూడకు. గడిని చూడు. మామ్మ అనుకున్నావంటే చెయ్యి అబద్ధమాడుతుంది."

కన్నతల్లి పోయి వారం కాలేదు. ఆయనేమో పదిహేడో గడి, పద్దెనిమిదో గడి అంటున్నారు. కంట్లో చుక్క నీరు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గీశాను.

బొమ్మ తిప్పి నిలబెడితే అచ్చం ఫోటోయే. కొల్లేటి లంక నుంచి వచ్చిన మా మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యా, ఎవరీవిడ? అమ్మ మనవైపు ఎప్పుడైనా ఇలా చూసిందా?"

"ఫోటోలో అలాగే ఉందమ్మా" అన్నారు నాన్నగారు.

అత్తయ్య అన్నది నిజం. మామ్మ నవ్వు ఆపుకోలేని మనిషి. ప్రార్థన మధ్యలో కూడా ఏదో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాన్నగారు ఫ్రేము పురమాయించడానికి వెళ్ళగానే రబ్బరు అందుకున్నాను. మూతి చివర్లు కొంచెం పైకి లాగాను. బుగ్గ కింద చిన్న మడత... ఇదీ మా మామ్మ!

ఆయన వచ్చి చూశారు.

"ఈ నవ్వు ఏ గడిలో ఉందే?"

"మామ్మ ఎప్పుడూ నవ్వేది కదండీ..."

"నేనడిగింది అది కాదు. ఏ గడిలో ఉంది?"

ఏడ్చాను. ఆయన నా నవ్వు చెరిపేసి, స్కేలు పెట్టి పాత మూతి గీయబోయారు. రెండుసార్లు రబ్బరు పడేసరికి కాగితం నూగు లేచిపోయింది. పెన్సిలు పట్టలేదు. తెల్లారితే కూడిక. ఆ మాసిన మూతితోనే మామ్మ గోడెక్కింది. అటు కోపమూ కాదు, ఇటు నవ్వూ కాదు. వచ్చినవాళ్ళేమో "పెద్దావిడ ఏదో అడగబోతున్నట్టే ఉన్నారండీ" అని తెగ మెచ్చుకున్నారు! మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అప్పటి నుంచి ఇంట్లో నాకో ముద్ర... చెయ్యి ఉంది గానీ నిలకడ లేదని. సరే, నిలకడ చూపిద్దామని ఏలూరులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరాను. రోజంతా అడుగులు, అంగుళాలు. ఆదివారం రంగులు తీసి ఒక్క కొంగని గీద్దామంటే కొలతలు అడ్డొస్తాయి. పోనీ ప్లాను గీస్తుంటే, ఈ వంటింట్లో ఎవరు ఎవరితో అలుగుతారో అన్న ఆలోచన! అసలు నేను బుర్రతో బతికే మనిషినా, మనసుతో బతికే మనిషినా... ఈ వయసుకీ తేల్చుకోలేక చస్తున్నాను.

నాన్నగారు నిరుడు పోయారు. మొన్న మా తమ్ముడు ఆయన ఫోటోని ఏదో యాప్‌లో పెట్టి నవ్వించి ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు. పళ్ళన్నీ కనబడే నవ్వు, మెడ అటూ ఇటూ ఊపడం! కింద వరసగా దండం బొమ్మలు, గుండె బొమ్మలు. ఆయన జన్మలో అలా నవ్వారా? ఒక్కళ్ళకైనా అనుమానం రాదా?

ఫోన్ చేసి చెడామడా తిట్టాను. "నీకు నవ్వు కావాలని ఆయన మొహం మార్చేస్తావా?"

"మామ్మకి నువ్వు చేసింది అదేగా అక్కా" అన్నాడు తాపీగా.

ఫోన్ పెట్టేశాను.

ఆ కోపంలోనే షీటు తీసి, గళ్ళు కొట్టి, ఫోటో తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నాను. నాన్నగారిని చూడలేదు. గడినే చూశాను. ఒక్క గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు. చివరి గడి కూడా అయ్యాక తిప్పి నిలబెట్టాను. నవ్వని మా నాన్నగారు...

ఆయన పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. గళ్ళు లెక్కపెడుతున్నంతసేపూ రాలేదు మరి. అందుకేనేమో, వాళ్ళమ్మకి ఆయన అన్ని గళ్ళు గీసుకున్నారు.

ఇప్పుడు ఎవరూ గీయక్కర్లేదు, చెరపక్కర్లేదు... వేలితో నొక్కితే పోయినవాళ్ళు నవ్వేస్తున్నారు. మీ ఇంటి గోడ మీదున్నవాళ్ళు నిజంగా మీవాళ్ళలాగే ఉన్నారాండీ? ఒక్కసారి చూసొచ్చి చెప్పండి...