చిల్లుల డబ్బా

వానలు అరుదైన గోరంట్లలో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మను వీధిలో అందరూ గయ్యాళి అనేవారు. కొళాయి చప్పుడు కాస్త ఎక్కువసేపు వినబడితే చాలు, మెట్ల మీదనుంచే "నీళ్లు యాడికి పోతాండాయమ్మా?" అని అరిచేది. ఆమెంటే నాకూ భయమే.

అప్పటికి మా పాపకు రెండేళ్లు దాటాయి. ఒంటిమీద నీళ్లు పడితే ఊపిరి బిగబట్టి ఏడ్చేది. స్నానమయ్యేసరికి నాకూ కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఒకరోజు ఆ ఏడుపు విని ఓనరమ్మ కిందికి దిగివచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె చేతిలో ఖాళీ పాలపొడి డబ్బా ఉంది. దాని అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కరివేపాకు చెట్టు పక్కన బట్టలారేసే తీగకు కట్టింది. చెంబెడు నీళ్లు పోసి, కింద తన అరచెయ్యి చాపి కూర్చుంది.

నేను పాపను రమ్మనబోయాను.

"పిలవద్దులేమ్మా. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే వస్తాది" అంది.

పాప నా కొంగు చాటునుంచి చూస్తూ ఉండిపోయింది. ఓనరమ్మ మరునాడూ వచ్చి అలాగే కూర్చుంది. కొన్నాళ్లకు పాప ఒక వేలు చాపింది. తర్వాత అరచెయ్యి పెట్టింది. ఓ ఉదయం ఉన్నట్టుండి తలే పెట్టేసి కిలకిలా నవ్వింది. అంతటితో ఆగక, "అవ్వా, నువ్వూ" అంటూ ఆమెను లాగింది.

"యో, కొప్పు తడుస్తాది పాపా!" అంటూనే ఆమె ధారల కింద తల వంచింది. నెరిసిన జుట్టు మీదుగా నీళ్లు కారుతుంటే కళ్లు మూసుకుంది.

"అచ్చం వానొచ్చినట్లే ఉండాది" అంది.

డబ్బా ఖాళీ అయ్యాక కూడా చాలాసేపు ఆమె లేవలేదు.