వదిన పసుపుతాడు, వాళ్ళ కత్తెర

ఆ ఆస్పత్రి ఏ ఊరిదో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ పనిచేసే మంచివాళ్ళు నొచ్చుకుంటారు. కానీ ఆ కత్తెర చప్పుడు తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మలయాకి మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, రాకముందు, తెల్లదొరలకీ అడవుల్లోని కమ్యూనిస్టులకీ పోరు నడిచిన ఎమర్జెన్సీ రోజులవి. హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరితోటలో ఉండేవాళ్ళం. మా అన్న తోట లారీ నడిపేవాడు. దారిలో తుపాకులు పేలి, పొద్దున వెళ్ళిన బండి సాయంత్రానికి తిరిగిరాని రోజులున్నాయి. అన్న ఇల్లు చేరేదాకా వదిన చెయ్యి మాటిమాటికీ మెడలోని పుస్తెల మీదికి పోతుండేది.

ఒకరోజు అన్న లారీతో వెళ్ళాక వదినకి కడుపులో నొప్పి మెలిపెట్టేసింది. తోటలో మందులిచ్చే డ్రెస్సర్ చూసి, పేగు వాచింది, ఆపరేషన్ చెయ్యకపోతే ప్రమాదమన్నాడు. తోడు నేను వెళ్ళాను.

వార్డులో తెల్లదొరసాని నర్సు వదిన మెడ చూసింది. ఆపరేషన్ గదిలోకి బంగారం పోకూడదట. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆవిడ అడగలేదు, చెప్పలేదు, కనీసం సైగ చెయ్యలేదు. పక్కనే తమిళం మాట్లాడే ఆయా ఉంది. మాకూ తమిళం వచ్చు. ఆయా చేత ఒక్క ముక్క చెప్పిస్తే ఆవిడ నోరు అరిగిపోతుందా? ట్రేలోంచి కత్తెర తీసి, తాడు కత్తిరించి, పుస్తెల్ని గుడ్డలో మూటకట్టుకుని పోయింది.

మా ఇళ్ళల్లో ఆ తాడు దానంతటది తెగినా తెగిందనం, పెరిగిందంటాం. మార్చాల్సి వస్తే పసుపుకొమ్ము కట్టిన కొత్తతాడు ముందు మెడలో వేసుకుని, ఆ తర్వాతే పాతది తీస్తాం. ఇంకొకరు వచ్చి తాడు తీసేశారంటే మొగుడు పోయినట్టే. వదినకి మరేం అర్థమవుతుంది?

"మీ అన్న పోనాడే," అంది నాతో. "నోటితో సెప్పనేక తెంపీసినారు."

మంచం ఇనపకడ్డీకేసి గాజులు పగలగొట్టుకుంది. బొట్టు చెరిపేసుకుంది. అన్నకేం కాలేదని నేనెంత మొత్తుకున్నా వినలేదు. నిజానికి నాకు మాత్రం ఏం తెలుసు? ఆపరేషన్ వద్దంది, ఇంక తనెందుకు బతకాలంది. పేగు పగిలితే మనిషి దక్కదని ఆయా నా చెవిలో చెప్పింది. నర్సు మాత్రం ఇదేదో పిచ్చనుకుని వదిన చేతులు మంచానికి కట్టించింది. పిచ్చట! తాడు తెంపినవాళ్ళకి లేదట, ఏడ్చినదానికి ఉందట.

ఆయాని బతిమాలి ఆస్పత్రి వంటింట్లోంచి ఒక పసుపుకొమ్ము తెప్పించి, దారం పేని దానికి కట్టాను. వదిన తల పక్కకి తిప్పేసుకుంది.

"ఏటి సూసుకుని కట్టుకోమంటావే?" అంది.

మధ్యాహ్నం దాటాక అన్న వచ్చాడు. తోట ఆఫీసువాళ్ళ కబురందగానే లారీ వదిలేసి బస్సెక్కితే, దారి పొడుగునా సోదాలట. వార్డు గుమ్మంలో అదే నర్సు చెయ్యి అడ్డం పెట్టింది, రోగుల్ని చూసే వేళ కాదని. వదిన ప్రాణం ఆ చేతికి అవతల నిలబడి ఉంది. నేనా చెయ్యి పట్టుకుని పక్కకి లాగేశాను. అందుకు ఈనాటికీ విచారం లేదు.

వదిన అన్నని చాలాసేపు చూసింది. అన్న ఆమె చేతుల కట్లు విప్పి, పసుపుకొమ్ము తాడు మెడకి కట్టి మూడు ముళ్ళూ వేశాడు. అతని వేళ్ళ గ్రీజు ఆ తాడుకి అంటుకుంది. అప్పుడు వదిన ఆపరేషన్‌కి సరేనంది. బంగారం లేదు కాబట్టి ఆ తాడు ఉంటే ఉండనీమన్నాడు డాక్టరు. పొద్దున్నే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదా!

చక్రాల మంచం మీద తోసుకెళ్తుంటే వదిన నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది.

"సేతిలో కత్తెరుంది గానీ, నోట్లో మాట నేదేటమ్మా నీకు?"

నేనది ఆయాకి తమిళంలో చెప్పి, ఒక్క అక్షరం తగ్గకుండా ఇంగ్లీషులో అనమన్నాను. ఆయా ఏదో రెండు ముక్కలంది. నర్సు నవ్వి, వదిన బుగ్గ తట్టింది. ఏం చెప్పావని నిలదీశాను. థాంక్స్ అని చెప్పానమ్మా, ఇంకాసేపట్లో మీ వదిన కడుపు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది కదా అంది ఆయా.

వదిన బతికింది. మెర్దేకా వచ్చాక ఆ నర్సు ఓడెక్కి తన దేశం వెళ్ళిపోయిందని విన్నాం. మా వదిన చెప్పని ఆ థాంక్స్‌ని కూడా మూటకట్టుకునే పోయి ఉంటుంది.