ఇంజను ఒంటెలకి, గేర్‌బాక్సు మోకాలికి

ఈమధ్య ఎవణ్ణి కదిపినా ఇంజను గురించి అడిగేది ఒక్కటే: ఎన్ని గుర్రాల బలం? ఆ గుర్రాలు ఎక్కడికి వెళ్ళాలి, ఎంత ఎండలో నిలబడాలి అని అడిగినవాణ్ణి చూసి చాలా కాలమైంది. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి వచ్చే కుర్రాళ్ళందరిదీ ఇదే జబ్బు. మా బాబా కొడుకుది మరీ ముదిరిన జబ్బు.

బాబా అంటే మా గ్యారేజీ యజమాని, ఖతరీ, నాకంటే పెద్దవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆయన దగ్గర చేరేనాటికి నా మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు ఇద్దరి తలలూ కలిపి వెతికినా నల్లవెంట్రుక మాఫీ, ఇక్కడి భాషలో లేదని. నేను చదివింది ఏడో తరగతి. పెద్ద కంపెనీలు పారేసిన వర్క్‌షాపు పుస్తకాలు, ఒక డిక్షనరీ, అల్ మన్సూరాలో నలుగురుండే గదిలో పై మంచం, అదే నా కాలేజీ. అందుకని ఎవడైనా ఫోనులో వీడియో చూసొచ్చి నాకు ఇంజను పాఠం చెబితే ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా.

బాబాకి అమెరికాలో తయారైన పాత పికప్ ఒకటుంది. వరసగా ఆరు సిలిండర్లు, స్టీరింగు పక్కన గేరు రాడ్డు. మనవైపు పాత ట్యాక్సీలకి ఉండేదే, హ్యాండు గేరు అనేవాళ్ళం. పోయిన వేసవిలో ఎవడో రేడియేటర్లో నీళ్ళు చూసుకోకుండా తిప్పి, ఇంజను బ్లాకు పగలగొట్టాడు. ఎవడో అంటున్నాను, కొడుకని అనడంలేదు. గేర్‌బాక్సు పళ్ళు అప్పటికే నా పళ్ళలా ఉన్నాయి.

"రంగు వేయించి మజ్లిస్ హాల్లో పెడదాం, వచ్చినవాళ్ళు చూసి ఆనందిస్తారు," అన్నాడు కొడుకు. బాబాకి అది నచ్చలేదు. చలికాలం ఒంటె పందేలు మొదలయ్యేసరికి అల్ షహానియా ట్రాక్ దగ్గర తన ఒంటెల పక్కన ఆ బండిలో తిరగాలి, అదీ తానే నడపాలి. పక్క సీట్లో మూటలా కూర్చోవడం ఆయన వల్ల కాదు. చివరికి తండ్రీకొడుకులకి ఒప్పందం కుదిరింది. అప్పటికి బాబా నడపగలిగితే బండి ట్రాక్ దగ్గరే ఉంటుంది. నడపలేకపోతే హాల్లోకి, తివాచీ మీదికి.

వారం తిరక్కుండానే కొడుకు ఎనిమిది సిలిండర్ల ఇంజను ఒకటి, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో సహా, ట్రక్కు మీద దింపాడు.

"ఉస్తాద్, దీని పవరెంతో తెలుసా?"

"తెలుసు. ఇది ఒంటె పక్కన నడుస్తుందా, ఒంటెని వదిలేసి సౌదీ పోతుందా?"

"స్లోగా కూడా పోతుంది."

"ఒంటె నడక నడిస్తే ఆ ఇరుకు బానెట్ కింద ఉడుకుతుంది. పైన బిర్యానీ గిన్నె పెట్టుకో."

"పెద్ద ఫ్యాను వేద్దాం."

"ఫ్యాను దేనికి, ఏసీ వెయ్యి. ఇంజను దుప్పటి కప్పుకుని పడుకుంటుంది."

నా మాట అతను వినలేదు గాని, ఒంటెల మాట వినాల్సొచ్చింది. షహానియాలో వాటిని చూసుకునేది జగిత్యాల మనిషి. వాళ్ళమ్మ ఊళ్ళో ఇప్పటికీ మావాడు దుబాయ్‌లో ఉన్నాడనే చెబుతుందట. బాబా కొడుకు అలాంటి ఇంజనే ఉన్న తన కారుని ట్రాక్ పక్కకి తెచ్చి, ఎలా ఉందో వినమని యాక్సిలరేటర్ తొక్కాడు. ఒంటెలు తలో దిక్కుకీ పరుగు లంకించుకున్నాయి. జగిత్యాల మనిషి తాడు వదల్లేక ఇసకలో కొంతదూరం బోర్లా ప్రయాణం చేశాడు. లేచి దులుపుకుంటూ నాతో అన్నాడు:

"కాకా, గీ ఇంజనే పెడ్తరా? అయితే ఒంటెలను సుత గ్యారేజీలనే కట్టేసుకోండ్రి. నేను ఇంటికి పోత."

ఈ మాట హిందీలోకి మార్చి బాబాకి అందించాను. కాస్త కారం నేనే కలిపాను. ఆయన నవ్వి, "ఖల్లి వల్లి, వదిలెయ్, ఆ ఇంజను వాపస్ పంపు," అన్నాడు. స్క్రాప్ యార్డులన్నీ గాలించి పాతదాని కుటుంబంలోనే కాస్త చిన్నవయసు ఆరు సిలిండర్లది పట్టాను. కొలతలు అవే, బోల్టులు అవే. చప్పుడు కూడా పెద్దమనిషి దగ్గులా ఉంటుంది, ఎవరూ బెదరరు.

ఇక గేర్‌బాక్సు. కొడుకు మళ్ళీ ఆటోమేటిక్ అన్నాడు. "క్లచ్ లేనిదాన్ని బండి అనరు, లిఫ్టు అంటారు," అని నేను మూడు గేర్ల మాన్యువల్ ఒకటి వెతికి తెచ్చి, కడిగి, బిగించాను. బిగించాక, ఒకసారి కూర్చుని చూడమని బాబాని పిలిచాను.

ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయిన సంగతి నాకు తెలుసు. కర్రతో బానే నడుస్తున్నాడు కదా అనుకున్నాను. సీట్లో కూర్చుని క్లచ్ మీద కాలు పెట్టాడు. మోకాలు వంగలేదు. తుంటితో తోశాడు. పెడల్ సగం దిగి ఆగింది. ఆయన నా వైపు చూడకుండా, "క్లచ్ గట్టిగా ఉంది. కొంచెం నూనె వెయ్," అన్నాడు.

నూనె వెయ్యలేదు. మర్నాడు నేనే పోయి, ఆ ఇంజనుకి సరిపడే ఆటోమేటిక్ తెచ్చాను. దానికీ రాడ్డు స్టీరింగు పక్కనే, అదొక్కటే నాకు దక్కిన మర్యాద. కొడుకు పల్లెత్తు మాట అనలేదు. ఏదైనా అంటే బాగుండేది, నాలుగు తిట్టి తేలికపడేవాణ్ణి. పీకేసిన క్లచ్ పెడల్ని, దాని పక్కనుండే ఇరుకు బ్రేకు పెడల్ని మేకు కొట్టి గోడకి తగిలించాను. అతను వచ్చినప్పుడల్లా కళ్ళబడాలని.

మొదటి పందేనికి రెండ్రోజుల ముందు, పొద్దున్నే షహానియా వెళ్ళాం. బాబా స్టీరింగు ముందు, మధ్యలో నేను, చివర కొడుకు. ముందు జగిత్యాల మనిషి ఒంటెల్ని నడిపిస్తున్నాడు. బండి కదిలింది. ఒంటెలు తిరిగి చూసి, ఓహో నువ్వా అన్నట్టు మళ్ళీ ముందుకి చూశాయి. బాబా మొహం వెలిగింది. కాస్త వేగం అందుకోగానే, జీవితమంతా చేసిన అలవాటు కదా, గేరు మార్చడానికి ఎడమకాలు కర్రలా చాచి గట్టిగా దించాడు. అక్కడ క్లచ్ లేదు. ఆటోమేటిక్ వాళ్ళు వేసే వెడల్పాటి బ్రేకు ఉంది. ముగ్గురి ముక్కులూ అద్దం దాకా వెళ్ళొచ్చాయి. మళ్ళీ కదిలాం. మళ్ళీ అదే.

"కాకా," అని అరిచాడు జగిత్యాల మనిషి, "బండి ఒంటెలకు మొక్కుతున్నదేంది?"

"నాన్నా, దిగు, నేను నడుపుతాను," అన్నాడు కొడుకు. వెటకారంగా అనలేదు, నిజంగానే భయపడ్డాడు.

బాబా ఇంజను ఆపాడు. "ఈ కాలు నా మాట వినదు. ఇంకా మూడో పెడల్ కోసం వెతుకుతుంది," అన్నాడు. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, "హాల్లో పెట్టెయ్యండి," అన్నాడు.

"ఆ కాలికి కావలసింది నా గోడ మీద ఉంది!" అన్నాను. అరిచాననుకుంటాను, ఒంటెలు కూడా చూశాయి.

గ్యారేజీకి పోయి, వెడల్పు బ్రేకు పీకి పాత ఇరుకు బ్రేకు పెట్టాను. దాని ఎడమపక్క, ఎప్పుడూ ఉండేచోట, క్లచ్ పెడల్ బిగించాను. దాని వెనక గేర్‌బాక్సుకి పోయేది ఏమీ లేదు, ఒక తలుపు స్ప్రింగు తప్ప. కొడుకు టార్చి పట్టుకుని, "ఉస్తాద్, ఇది ఏ వీడియోలోనూ లేదు," అన్నాడు. ఉంటే నేను చేసేవాణ్ణా?

మర్నాడు బాబా ఎడమకాలు దించాడు. తలుపు స్ప్రింగు వంగింది. రాడ్డు లాగాడు. బండి ఎక్కడా తల వంచకుండా ఒంటెల పక్కన సాగిపోయింది. ట్రాక్ సగం తిరిగాక కొడుకు ఆగలేకపోయాడు.

"నాన్నా, ఆ పెడల్ దేనికీ కలిపి లేదు, తెలుసా?"

"తెలుసు," అన్నాడు బాబా, ఒంటెల మీంచి చూపు తిప్పకుండా. "నా కాలికి మాత్రం చెప్పకు."

తర్వాత నా వైపు వంగి, "క్లచ్ ఇంకా కొంచెం గట్టిగానే ఉంది," అన్నాడు.

చూశారా! దేనికీ అంటని పెడల్, దానికీ ఒక కంప్లైంటు! దారి పొడుగునా లోపల్లోపల తిట్టుకుంటూ వచ్చాను. వచ్చి, గ్యారేజీలో ఉన్న తలుపులన్నీ లాగి చూసి, వాటిలో మెత్తటి స్ప్రింగు ఊడదీశాను.