కోచ్ సారూ, మన వడ్లు తడుస్తున్నయ్

మా ఊర్ల అందరికన్నా పొడుగు మనిషి మా ఆయన హన్మండ్లు. గదొక్కటే ఆయన చేసిన తప్పు. ఆటల సారు బదిలీ మీద పోంగనే బడిల మీటింగ్ పెట్టి, "ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీమును సూసుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని హెడ్‌మాస్టర్ అడిగిండట. అందరు తలకాయలు ఎత్తి ఈయన దిక్కే సూసిండ్రు. పొడుగున్నోనికి ఆట రాకుంట ఎట్లుంటది మరి! ఈయన బుద్ధెరిగినంక ఆడింది కబడ్డి ఒక్కటే. గది గూడ ఒక్క దినం, కాలు బెణికేదాంక.

తెల్లారి మెడల విజిల్ ఏసుకొని తయారైండు. పొలం గట్టు మీద కూసోని ఫోన్ల ఆట సూసుడు, సాయంత్రం గదే పిల్లలకు చెప్పుడు. నేను వాకిలి ఊడుస్తుంటె ఐదు పసుపు కొమ్ములు వరుసగ పెట్టి, "ఇగో, ఇది మన సింధూజ" అని ఒక కొమ్మును జరుపుతడు. సింధూజ మా బిడ్డ, ఎనిమిది చదువుతది. చీపురుతోటి టీమునంత ఒక్క ఊపుల గేటు అవుతల పడేసిన. "గట్ల చేస్తవేందే భాగ్యా!" అని మొత్తుకున్నడు. బర్రెకు కుడితి పెట్టుమంటె యాదుండదు గని, ఏ పిల్ల ఎవరికి అడ్డం పోవాల్నో మస్తు యాదుంటది.

ఇగ అసలు పంచాది ఇనుండ్రి. బడిల బాస్కెట్‌బాల్ కోర్టు అసొంటి సిమెంటు గచ్చు ఊరు మొత్తంల ఇంకోటి లేదు. వరికోతలు షురువైనయంటే ఎవరి వడ్లయినా ఆన్నే ఎండాలె. ముందుగాల చెప్పులు ఇడిశి జాగ ఆపుకుంటరు. ఈ యేడు పోశయ్య రింగు కింద చెప్పులు పెట్టంగనే మా కోచ్ సారు ఆ చెప్పులకు విజిల్ ఊదిండు! "సోమవారం నిజామాబాద్‌ల సెలెక్షన్లు ఉన్నయి బాపూ. అప్పటిదాంక ఈడ ఎవ్వరిది గింజ పడొద్దు" అన్నడు. పోశయ్య మనుమరాలు గూడ టీములనే ఉన్నది. ముసలాయన గులుగుకుంటనే చెప్పులు తొడుక్కొని పోయిండు. ఊరోళ్లు వడ్లన్ని రోడ్డు మీద పోసుకున్నరు.

ఆదివారం పొద్దుగాల మా పొలం కోసిండ్రు. మొగులు నల్లగ కమ్ముకొస్తున్నది. ఆయనేమో పిల్లల నంబర్ల బనీన్లు తెస్తనని నిజామాబాద్‌ల కంఠేశ్వర్ బజారుకు పోయిండు. ఫోన్ జేస్తే ఎత్తడు. రోడ్డు మీద జానెడు జాగ లేదు. మిగిలింది మలుపుకాడి పల్లం, ఆడ నీళ్లు నిలుస్తయ్. కోర్టు ఎత్తు మీదుంటది, తాటిపత్రి కప్పితే గింజ తడువదు. నేనేం చేయాలె? ట్రాక్టర్‌ను బడిలకు తోలిచ్చి కోర్టు నిండ పోయించిన.

ఆయన వచ్చేసరికి పిల్లలు అంచుకు నిలబడి ఉన్నరు. ఎనుకనే పోశయ్య ట్రాక్టర్ వచ్చింది. "మీ ఇంటామె పోసింది. నేను పోస్తెనే తప్పా కోచ్ సారూ?" అన్నడు ముసలాయన.

తిడుతడనుకున్న. తిట్టలే. బనీన్ల సంచి పక్కన పెట్టి, పార అందుకొని మా వడ్లే బస్తాలల్ల ఎత్తుడు షురూ జేసిండు. పిల్లలు ఉరికొచ్చిండ్రు. నా బిడ్డ నా మొఖం సూడకుంటనే బస్తా మూతి పట్టుకున్నది. బస్తాలు పల్లంల దించుతుండంగనే వాన దంచింది. ఆయన కోర్టుల తడుసుకుంట, "డిఫెన్స్, డిఫెన్స్" అని ఒర్రుతున్నడు. "కోచ్ సారూ, మన వడ్లు తడుస్తున్నయ్" అని నేను ఈడికెళ్లి ఒర్రుతున్న.

సోమవారం పోయిండ్రు, ఆడిండ్రు, ఓడిండ్రు. అవతలోళ్లకు ముప్పై నాలుగు, మనోళ్లకు ఆరు. ఒక్క పిల్ల గూడ సెలెక్ట్ గాలే. ఆహా, ఏం కోచింగు! నా వడ్లు నాని ఉబ్బె, ఆయనకు ఆరు పాయింట్లొచ్చె. ఇంటికొచ్చి విజిల్ తీసి గూట్లె పెట్టిండు. తల ఎత్తకుంటనే, "అయిపోయినయ్ గద భాగ్యా. రేపు కోర్టు మీద పోసుకో. ఎవలేమనరు" అన్నడు.

మంగళారం తెల్లారంగనే తడి వడ్లు ట్రాక్టర్ల ఏసుకొని పోయిన. గేటు కాడికి పోయేసరికి బంతి సప్పుడు. ఎవలు పిలువలే, కోచ్ లేడు, విజిల్ లేదు. నిన్న ఓడొచ్చిన పిల్లలు గా బనీన్లే ఏసుకొని ఆడుతున్నరు. సింధూజ నన్ను సూసింది, ట్రాక్టర్‌ను సూసింది. బంతి చంకల పెట్టుకొని, తక్కినోళ్లను పక్కకు జరుగుమని చెయ్యి ఊపింది.

గది నాతోని గాలే. "ఎనుకకు తిప్పు" అన్న డ్రైవర్‌తోటి. వడ్లు మలుపుకాడనే పోయించిన.

ఇంటికొచ్చి గూట్లకెళ్లి విజిల్ తీసి ఆయన ఛాయ్ గిలాస పక్కన పెట్టిన. ఎర్రిమొఖం ఏసుకొని సూస్తున్నడు.

"పో కోచ్ సారూ, నీ టీము ఆడ వచ్చి ఉన్నది" అన్న. "ఆరు పాయింట్లకేనా నా వడ్లు తడిసింది?"